ఐదేళ్లు నిండకముందే రాజీనామా రాయకండి

అందరికీ నమస్కారం.

ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగం అనగానే మనవాళ్లు ముందుగా అడిగేది ఒక్కటే: "జీతం డాలర్లలోనా? పన్ను కూడా ఉండదట కదా?" ఆదాయపు పన్ను ఉండదు, నిజమే. 1946 నాటి అంతర్జాతీయ ఒప్పందం, దాన్ని అమలు చేయడానికి మన దగ్గర 1947లో చేసిన చట్టం ఆ మినహాయింపు ఇచ్చాయి. దాని గురించి అందరికీ తెలుసు. పెన్షన్ గురించి మాత్రం చేరేముందు ఎవరూ అడగరు.

ఐరాస సిబ్బందికి 1949 నుంచి ఉమ్మడి పెన్షన్ నిధి ఉంది. పెన్షన్ లెక్కకు తీసుకునే జీతంలో మీరు 7.9 శాతం కడితే, సంస్థ 15.8 శాతం కడుతుంది. అంటే సరిగ్గా రెట్టింపు. మన పీఎఫ్ లాంటిదే అనుకుని చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. సంస్థ కట్టింది మీ ఖాతాలో పడ్డట్టు కాదు. నాలుగేళ్ల పదకొండు నెలలు పనిచేసి మానేశారనుకోండి, చేతికొచ్చేది మీరు కట్టిన డబ్బు, దాని మీద 3.25 శాతం వడ్డీ. సంస్థ వాటాలో పైసా రాదు. ఇంకొక్క నెల ఓపిక పడితే, పదవీ విరమణ వయసు నుంచి జీవితాంతం పెన్షన్ తీసుకునే హక్కు వచ్చేది. మొదటి ఐదేళ్లకు ఏటా 1.5 శాతం లెక్కన, సగటు జీతంలో 7.5 శాతం. ఏమంత పెద్ద మొత్తం కాదు. కానీ చెల్లింపు మొదలయ్యాక ధరలను బట్టి పెరుగుతుంది.

ఇదంతా స్టాఫ్ కాంట్రాక్టు ఉన్నవాళ్ల మాట. పక్క కుర్చీలోనే కూర్చుని, అదే రిపోర్టు రాసే కన్సల్టెంట్‌కు పెన్షన్ నిధి లేదు, జీతంతో కూడిన వార్షిక సెలవు లేదు. పన్ను సంగతి కూడా తనే చూసుకోవాలి. పైగా ఐరాస సచివాలయంలో కన్సల్టెంటుగా 36 నెలల్లో 24 నెలలకు మించి పని చేయించుకోకూడదని నిబంధన. తాత్కాలిక అవసరానికని పెట్టిన ఏర్పాటు కొందరికి కెరీర్ మొత్తం అయిపోతోంది. ఇది నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

స్టాఫ్‌లోనూ రెండు దారులున్నాయి. హైదరాబాద్ నుంచి ప్రొఫెషనల్ హోదాలో నైరోబీలోని ఐరాస ఆఫీసుకు వెళ్లినవారికి పిల్లల చదువు ఖర్చులో పెద్ద భాగం, స్వదేశానికి వచ్చిపోయే హోమ్ లీవ్ ఉంటాయి. అదే ఆఫీసులో పనిచేసే నైరోబీ డ్రైవర్‌కు ఆ రెండూ ఉండవు. అతని జీతానికి కొలత స్థానికంగా మంచి యజమానులు ఇచ్చే జీతాలే.

తగువు వస్తే ఎక్కడికి వెళ్లాలన్నది కూడా ముందే అడగండి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ మనకు దగ్గరి ఉదాహరణ. భారత రాజ్యాంగంలోని 12వ అధికరణ ప్రకారం ఆ సంస్థ 'రాజ్యం' (అంటే ప్రభుత్వం, దాని అధీన సంస్థలు) కిందికి రాదని, అందుకే దాని మీద ఉద్యోగుల రిట్ చెల్లదని 2003లో సుప్రీంకోర్టు తేల్చింది. ఐరాస ఉద్యోగులకైతే 2009 నుంచి సొంత వివాద ట్రిబ్యునల్ ఉంది. కన్సల్టెంట్లకు ఆ తలుపు కూడా మూసే ఉంటుంది, వాళ్లకు మధ్యవర్తిత్వమే (ఆర్బిట్రేషన్) గతి.

చివరగా, నలభై దాటాక చేరాలనుకునేవారికి ఒక మాట. 2007 జులై 1 నుంచి చేరినవారు రిటైరయ్యాక కూడా ఐరాస ఆరోగ్య బీమాలో కొనసాగాలంటే, కనీసం పదేళ్లు అందులో సభ్యులై ఉండాలి, విరమణ నాటికి 55 ఏళ్లు నిండాలి. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు మీ వయసుతో ఆ లెక్క వేసుకోండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.