బొమ్మ కింది బేస్: ఫాంటసీ వార్‌గేమ్‌లో కొలతలు ఆటను ఎలా మారుస్తాయి

నమస్కారం. చెన్నైలో ఫాంటసీ వార్‌గేమ్‌లు (బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే కల్పిత యుద్ధాల ఆటలు) కొత్తగా మొదలుపెట్టిన తెలుగు మిత్రులు బొమ్మను నిలబెట్టే పలక, అంటే బేస్ గురించి అడిగినప్పుడు, ఎక్కువగా ఏ గడ్డి అంటించాలి, ఏ రంగు మట్టి వేయాలి అనే అడుగుతారు. నేను ముందు స్కేలు తీయమంటాను. ఈ ఆటలలో చాలా నియమాలకు బొమ్మ ఎంత అందంగా ఉన్నదన్నది పట్టదు. ఎంత దూరం కదిలింది, ఎవరిని తాకింది, ఎందరు కొట్టగలరు అన్నవి బేస్ అంచును బట్టే తేలుతాయి.

ముందుగా చదరపు బేస్‌లను చూద్దాం. పాత వార్‌హామర్ ఫాంటసీ బ్యాటిల్‌లో చాలా కాలం పాటు మనుషుల కాల్బలం 20 మిల్లీమీటర్ల బేస్ మీద, కథల్లోని మోటు యోధ జాతి అయిన ఓర్క్‌లు 25 మిల్లీమీటర్ల బేస్ మీద నిలబడేవి. ఆ ఐదు మిల్లీమీటర్లు ఏం చేస్తాయో ఇప్పుడు బల్ల మీద చూడండి. ఐదుగురు ఓర్క్‌లను పక్కపక్కన పెడితే ముందు వరుస వెడల్పు 125 మిల్లీమీటర్లు అవుతుంది. దానికి ఎదురుగా మనుషుల పొడవైన వరుసను, ఒక చివర అంచులు కలిసేలా నిలబెట్టాను. ఆరుగురు పూర్తిగా ఎదురుపడ్డారు, ఏడవవాడు ఐదు మిల్లీమీటర్ల మేర తగులుతున్నాడు. ఆ మాత్రం తగిలినా అతనికి కొట్టే హక్కు ఉన్నది, కనుక ఐదుగురి మీద ఏడుగురు పడుతున్నారన్నమాట. ఇప్పుడు తిరగేసి చూద్దాం. ఐదుగురు మనుషుల వరుస వెడల్పు 100 మిల్లీమీటర్లు, ఆ వెడల్పులో పట్టేది నలుగురు ఓర్క్‌లే. ఓర్క్ ఒక్కొక్కడూ బలవంతుడే కావచ్చు, కానీ అదే జాగాలో మనుషుల పక్షానికి ఎక్కువ పాచికలు, అంటే ఎక్కువ దెబ్బలు, దక్కుతున్నాయి.

2024 జనవరిలో వచ్చిన వార్‌హామర్ ది ఓల్డ్ వరల్డ్‌లో ఈ కొలతలు పెరిగాయి. మనుషులకు 25, ఓర్క్‌లకు 30 మిల్లీమీటర్లు ఇచ్చారు. పాత 25 బై 50 మీద ఉండే రౌతులు 30 బై 60కి వచ్చారు. కొత్త బొమ్మలు పెద్దవై పాత బేస్ మీద ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నందున ఈ మార్పు మంచిదే అంటాను. అయితే ఇందాకటి లెక్క మళ్లీ వేయండి: ఐదుగురు ఓర్క్‌ల వెడల్పు 150 మిల్లీమీటర్లు, ఎదురుగా సరిగ్గా ఆరుగురు మనుషులు. తేడా రెండుసార్లూ ఐదు మిల్లీమీటర్లే అయినా ఏడవవాడు పోయాడు. పాత సైన్యాన్ని పాత బేస్‌ల మీదే తెచ్చి ఆడతామనేవారితో ఎదుటివారు ఎందుకు పేచీ పెడతారో దీనితో అర్థమవుతుంది. బేస్ చుట్టూ తొడిగే చట్రాలు, దళాన్నంతా ఒకేసారి జరిపేందుకు పెద్ద గళ్లున్న ట్రేలు వచ్చినది అందుకే.

వెడల్పు కదలికను కూడా శాసిస్తుంది. దళం మలుపు తిరిగేటప్పుడు ఒక మూల నిలిచి ఉంటుంది, బయటి మూల నడిచిన దూరాన్ని కొలుస్తాము. నాలుగంగుళాలు కదిలే కాల్బలాన్ని తీసుకుంటే, 100 మిల్లీమీటర్ల వెడల్పున్న దళం సుమారు 58 డిగ్రీలు తిరుగుతుంది, 125 ఉన్నది 47 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, పదిమందిని బారుగా నిలిపి 250 చేస్తే 23 డిగ్రీలతోనే దాని కదలిక ముగుస్తుంది. ఎక్కువమంది కొట్టాలని వరుసను సాగదీసినవారు పక్క నుంచి వచ్చే రౌతుల వైపు తిరగలేక చిక్కుకునేది ఇక్కడే.

గుండ్రని బేస్‌ల లెక్క వేరు, ఇక్కడ అసలు ప్రశ్న ఎందరు చుట్టుముట్టగలరన్నది. 25 మిల్లీమీటర్ల బొమ్మ చుట్టూ అదే కొలత బొమ్మలు ఆరు పడతాయి. 60 మిల్లీమీటర్ల రాక్షసుడి చుట్టూ 25వి పది పడతాయి, 32వి అయితే ఎనిమిదే. రాక్షసుడికి పెద్ద బేస్ గొప్పగా కనిపిస్తుంది గానీ, అది శత్రువులకు ఎక్కువ చోటు ఇస్తుంది, ఇరుకు దారుల్లో దూరనివ్వదు.

2015లో వచ్చిన ఏజ్ ఆఫ్ సిగ్మార్ అనే ఆట తొలి నియమాలు బేస్‌ను లెక్కలోకి తీసుకోకుండా బొమ్మ నుంచి బొమ్మకు కొలవమన్నాయి. చాచిన ఈటె మొన నుంచి కొలవడం ఎంత ఇబ్బందో ఊహించండి. చాలామంది బేస్ నుంచే కొలుచుకున్నారు, తరువాతి కూర్పులూ ఆ దారికే వచ్చాయి. అలా కొలిచినప్పుడు ఒక విచిత్రం బయటపడింది. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. అంగుళం అందే కత్తి ఉన్నవాడు, ముందున్న 25 మిల్లీమీటర్ల సహచరుడి మీదుగా రెండవ వరుస నుంచి కొట్టగలడు, సహచరుడి బేస్ 32 అయితే కొట్టలేడు. 2024 నాటి నాలుగవ కూర్పు చేతి ఆయుధాల దూరాలను తీసివేసి, అందరికీ మూడంగుళాల పోరు పరిధి ఇవ్వడంతో ఆ తంటా తీరింది.

ఈ గొడవలన్నీ వద్దనుకునేవారికి దళమంతటికీ ఒకే బేస్ వాడే ఆటలున్నాయి. కింగ్స్ ఆఫ్ వార్‌లో బొమ్మలను ఒక్కొక్కటిగా తీసివేయరు, దళం వైశాల్యమే ప్రధానం: 20 మిల్లీమీటర్ల లెక్కన రెజిమెంట్ అనే దళం 100 బై 80, హోర్డ్ అనే పెద్ద దళం 200 బై 80. పక్క నుంచి దాడి చేస్తే పాచికలు రెట్టింపు, వెనుక నుంచి అయితే మూడింతలు, కనుక ఆ దీర్ఘచతురస్రానికి ఏ ముఖం ఎటు ఉన్నదన్నదే మీ ఆలోచనంతా. 1991 నాటి హోర్డ్స్ ఆఫ్ ది థింగ్స్‌లో 15 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మలకు 40 మిల్లీమీటర్ల వెడల్పు బేస్ సరిపోతుంది. పెద్ద యుద్ధాలకు నాకు నచ్చేది ఈ పద్ధతే, ఒక సాయంత్రంలో ఆట ముగుస్తుంది.

ఇక తయారీ. చెక్క పీచును అదిమి చేసే పలక అయిన మూడు మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌ను లేజర్‌తో కోయించుకోవచ్చు, కానీ చెన్నై తేమలో కోసిన అంచులు నీరు పీల్చి ఉబ్బుతాయి. ఒక్కొక్క బేస్ అర మిల్లీమీటరు పెరిగితే పదిమంది వరుస ఐదు మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే ఇందాకటి ఏడవవాడిలాంటివాడు మళ్లీ వచ్చేస్తాడు. కాబట్టి అంచులకు ముందే వార్నిష్ పూయండి, ఇసుకను అంచు దాటనివ్వకండి, నీళ్లు కలిపిన జిగురును ఒకవైపే పూస్తే పలుచని చెక్క వంగుతుందని గుర్తుంచుకోండి. సూపర్‌గ్లూ తేమలో తెల్లని పొర కడుతుంది గనుక వర్షాకాలంలో తక్కువగా వాడండి. ట్రే లోపలి కొలత వరుస వెడల్పు కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి, అడుగున పలుచని ఇనుప రేకు, బేస్ కింద చిన్న అయస్కాంతం పెడితే దళం వాలు మీద కూడా నిలుస్తుంది.

బేస్ మీద పెద్ద రాయి పెట్టి వీరుణ్ణి ఎత్తున నిలబెట్టే ముందు ఒక్క మాట. బొమ్మ కంటి ఎత్తు నుంచి చూపు లెక్కించే ఆటలలో ఆ రాయి వల్ల అతడు గోడ మీదుగా చూడగలడు, శత్రువు విలుకాళ్లకూ అంతే తేలికగా కనిపిస్తాడు. ఆట మొదలయ్యే ముందే ఎదుటివారితో మాట్లాడి, అతణ్ణి మామూలు ఎత్తులోనే ఉన్నట్టు లెక్కించాలని ఒప్పుకోండి.