అలుగు ఎత్తు తెలిసినోళ్లే వార్డుకు నిలబడాలి
(నల్లగొండ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరి పేర్లూ చదివితే పావుగంట అక్కడే పోతుంది. పేరుపేరునా చెప్పలేదని వాళ్లెవరూ ఏమీ అనుకోరు. మిర్యాలగూడ, దేవరకొండ, చండూరు నుంచి వచ్చినోళ్లున్నారు. అటు పాలమూరు దిక్కు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి వాళ్లూ వచ్చారు. మీలో చాలామంది ఈసారి మున్సిపాలిటీలో వార్డు మెంబరుకు నిలబడాలనుకుంటున్నారు. చెరువు కోసం, చెట్టు కోసం నిలబడుతున్నాం అంటున్నారు. చాలా సంతోషం. కానీ ఒక్కటి ముందే చెప్పాలి. కరపత్రం మీద "పర్యావరణ పరిరక్షణ" అని అచ్చు వేస్తే ఒక్క ఓటు కూడా పడదు. ఏ గల్లీలో మోరీ పొంగుతుంది, ఆ నీళ్లు ఏ చెరువులో కలుస్తున్నాయి, ఎక్కడ అడ్డం పడింది, మీరు గెలిస్తే ఏ తీర్మానం పెడతారు, అది రాయండి.

ఇట్లాంటి సభ నల్లగొండలో జరుగుతుంటే 1996 ఎన్నికల మాట ఎత్తకుండా ఎట్లా ఉంటాం? కుర్రవాళ్లకు తెలియదు, తెలియాలి. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో ఈ నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఒక్క సీటుకు నాలుగు వందల ఎనభై మంది! దుశర్ల సత్యనారాయణ గారు, జల సాధన సమితి పిలుపు ఇచ్చారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయినోళ్లు, నడుము వంగిపోయినోళ్లు, సాగునీళ్లు లేని రైతులు వరుసబెట్టి నామినేషన్లు వేశారు. అప్పట్లో డిపాజిట్ ఐదు వందలే. బ్యాలెట్ కాగితం ఒక పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఊళ్లలో బోరు నీళ్లు మనుషులను ఏం చేస్తున్నాయో ఢిల్లీకి అప్పుడు తెలిసింది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. దాదాపు అందరికీ డిపాజిట్లు పోయాయి. పోతాయని తెలిసే కట్టారు. ఆ మనుషులకు ఈ సభ నుంచి చేతులెత్తి మొక్కుతున్నాను. చప్పట్లు కొట్టండి, గట్టిగా కొట్టండి.

దాని తర్వాత ఏమైందో కూడా వినండి. అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభకు డిపాజిట్ 500 నుంచి 10,000 చేశారు. స్వతంత్ర అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. ఆ తలుపు అట్లా మూసుకుంది. ఈ సంగతి ఇంతసేపు ఎందుకు చెప్పానంటే, మన దగ్గర చాలామంది ఇప్పటికీ నిరసన కోసమే నిలబడతారు. ఓడిపోతామని అనుకునే నామినేషన్ వేస్తారు. అప్పుడు నిరసనగా నిలబడినోళ్లకు గెలుపు లెక్కలో లేదు. వార్డులో అట్లా కాదు, ఇక్కడ గెలవాలి, గెలవొచ్చు కూడా. లెక్క చూడండి. చిన్న మున్సిపాలిటీలో వార్డుకు పదిహేను వందల ఓట్లు ఉన్నాయనుకోండి. నూటికి డెబ్బై ఐదు పడితే 1,125. నలుగురు గట్టిగా పోటీ చేస్తే నాలుగు వందల ఓట్లు వచ్చినోళ్లు గెలిచే చోట్లు ఉంటాయి. నాలుగు వందల ఓట్లంటే నూట యాభై ఇండ్లు. నూట యాభై ఇండ్లకు మూడుసార్లు తిరగలేమా?

తిరిగే ముందు మాత్రం చదువుకోవాలి. మొదట చెరువు.

చెరువు ఎంతవరకు అన్నది అలుగు చెబుతుంది, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే గోడ. అలుగు దుంకే మట్టమే ఫుల్ ట్యాంక్ లెవెల్, ఎఫ్‌టీఎల్ అంటామే, అదే. ఆ మట్టానికి నీళ్లు ఎక్కడిదాకా పరుచుకుంటాయో అదంతా శిఖం. శిఖంలో పట్టా ఉన్నా సరే, నీళ్లు తీసిన తర్వాత పంట వేసుకోవచ్చు గానీ మట్టి పోసి కట్టడం కట్టరాదు. ఆక్రమించేవాళ్లు అందరూ మొదటే హద్దురాళ్లు పీకరు. కొందరు అలుగు మీద పడతారు. రాత్రికి రాత్రి ఒక అడుగు మేర కొట్టేస్తారు, లేకుంటే పక్కన గండి పెట్టి, "పాతబడి కూలింది" అంటారు. మూడు వందల అడుగులకు ఒక అడుగు వాలు ఉన్న నేల అనుకోండి. అలుగు ఒక్క అడుగు తగ్గితే నీటి అంచు మూడు వందల అడుగులు లోపలికి జరుగుతుంది. చెరువు చుట్టూ అంత నేల తేలుతుంది. మరుసటి ఎండాకాలం అందులో ప్లాట్ల రాళ్లు లేస్తాయి.

కాబట్టి అలుగు దగ్గరికి వెళ్లి నిలబడి చూడండి. పాత గోడ రాతి కట్టుబడి, డంగుసున్నం ఉంటుంది. పైవరుస రాళ్లు ఒకే మట్టంగా ఉన్నాయా, నడుమ పళ్లూడినట్టు ఉన్నాయా? కొత్త సిమెంటు అతుకు ఎక్కడుంది, అది పాత వరుస కన్నా కిందికి ఉందా? కట్టకు ఆ పక్కా ఈ పక్కా రాళ్ల మీద పాత నీటి చార ఉంటుంది, అది అలుగు కన్నా పైన కనబడితే అనుమానించాల్సిందే. అప్పుడు ఇరిగేషన్ అసిస్టెంట్ ఇంజనీరు దగ్గర రికార్డులో అలుగు మట్టం, పొడవు సమాచార హక్కు కింద అడగండి. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. గ్రామ నక్ష తెచ్చుకోండి. గెలిచిన తర్వాత మీ మొదటి తీర్మానం ఇరిగేషన్, రెవెన్యూ, టౌన్ ప్లానింగ్ ముగ్గురూ కలిసి చేసే ఉమ్మడి సర్వే కోసం ఉండాలి. ఒక్క శాఖ వస్తే మిగతా రెండూ ఒప్పుకోవు, ఏళ్లు గడిచిపోతాయి. హద్దురాయి ఒక్కదాన్ని నమ్మకండి, అది ట్రాక్టర్‌కు ఆగదు. ప్రతి రాయి అక్షాంశ రేఖాంశాలు తీర్మానంలోనే రాయించండి. 2012 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల కన్నా వెడల్పైన నాలాకు 9 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 2 మీటర్లు. ఈ నాలుగు అంకెలూ నోటికి రావాలి. టౌన్ ప్లానింగ్ ఆఫీసులో ఇవి చెప్పలేనోళ్ల మాట ఎవరూ వినరు.

చెరువును కప్పేసే గుర్రపు డెక్క గురించి ఒక మాట. ఏటా టెండరు పిలుస్తారు, తీస్తారు, మళ్లీ వస్తుంది. మోరీ నీళ్లు చెరువులో కలిసినంతకాలం దానికి తిండి దొరుకుతూనే ఉంటుంది. మురుగును చెరువుకు ముందే ఆపి మళ్లించాలి. ఆ పనికి అంచనా వేయించకుండా డెక్క తీసే బిల్లుకు చెయ్యి ఎత్తకండి.

చెత్త సంగతికి వద్దాం. చిన్న పట్టణంలో మనిషికి రోజుకు మూడు, నాలుగు వందల గ్రాములు వేసుకోండి. రెండు వేల మంది ఉన్న వార్డులో ఆరు వందల నుంచి ఎనిమిది వందల కిలోలు. అందులో సుమారు సగం తడి చెత్త. తడి, పొడి, ప్రమాదకరమైనది వేరుగా ఇవ్వాలని 2016 నిబంధనలే అన్నాయి. ఆడవాళ్లు ఇండ్లలో వేరు చేస్తారు. ఎక్కడ చెడుతుందంటే ఆటోలో. నడుమ ఉండే రేకు ఊడిపోతుంది, రెండూ ఒకటైపోతాయి, అది చూసిన ఇల్లాలు మర్నాటి నుంచి వేరు చేయడం మానేస్తుంది. ఆమె తప్పేముంది? ఆరు గంటలకు ఆటో వెంట నడవండి, రేకు ఉందా లేదా చూడండి. తర్వాత కంపోస్టు షెడ్డుకు వెళ్లండి. కుప్ప నాలుగైదు అడుగుల ఎత్తు ఉండాలి, వారానికోసారి తిరగెయ్యాలి, రెండు నెలల్లోపు ఎరువవుతుంది. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. నీళ్లు కారితే గాలి ఆడక కంపు కొడుతుంది, పొడిగా ఉంటే మురగడమే ఆగిపోతుంది. చాలాచోట్ల షెడ్డు కడతారు గానీ తిరగేసే మనిషికి జీతం పెట్టరు. బడ్జెట్‌లో చూడాల్సిన పద్దు అదే.

బడ్జెట్ అన్నాను కదా. 2019 మున్సిపల్ చట్టం పచ్చదనానికి పది శాతం పక్కన పెట్టమంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, వార్డు మెంబరు కూడా దానికి బాధ్యుడని రాసింది. డబ్బు లేదని ఎవరైనా అంటే ఈ చట్టం చేతిలో పెట్టండి. ఆ డబ్బుతో డివైడర్ల మధ్య కోనోకార్పస్ నాటారు, తొందరగా పచ్చగా కనబడుతుందని. తర్వాత ప్రభుత్వమే ఆ మొక్క వద్దంది. కానుగ, వేప, రావి, నేరేడు నాటమని అడగండి. గుంత రెండడుగుల లోతు ఉండాలి, మొదటి రెండు ఎండాకాలాలు నీళ్ల ట్యాంకర్ రావాలి. మొక్కల బిల్లు ఉండి ట్యాంకర్ బిల్లు లేదంటే మొక్కలు చచ్చినట్టే.

ఇక అసలు రాజకీయం. చైర్‌పర్సన్‌ను ఎన్నుకునేది ప్రజలు కాదు, వార్డు మెంబర్లు. ఎక్స్‌అఫీషియో సభ్యులకూ, అంటే పదవి రీత్యా కౌన్సిల్‌లో కూర్చునే ఎమ్మెల్యే, ఎంపీ లాంటోళ్లకూ ఓటుంటుంది. రెండు పార్టీలు దగ్గర దగ్గరగా ఉన్నచోట ఇద్దరు ముగ్గురు స్వతంత్రుల కోసం రిసార్టుల దాకా క్యాంపులు నడుస్తాయి. దయచేసి ఆ బస్సు ఎక్కకండి. కాగితం మీద మూడు షరతులు రాయండి: ఉమ్మడి సర్వే, చెరువులో కలిసే మోరీల మళ్లింపు, పది శాతం పచ్చ బడ్జెట్ లెక్కలు ప్రతి మూడు నెలలకోసారి కౌన్సిల్ ముందు. ఎవరు సంతకం పెడితే వాళ్లకు ఓటు. దాన్ని చాటుమాటుగా కాదు, పత్రికల వాళ్ల ముందు చేయండి. ఆ ఒక్కరోజు మీకున్న బలం ఐదేళ్లలో మళ్లీ రాదు. తర్వాత సమావేశాల్లో మీ అభ్యంతరం నోటితో చెప్పి ఊరుకోకండి, రాసివ్వండి, మినిట్స్‌లో ఎక్కించుకోండి. రాయని మాట కోర్టులో నిలబడదు.

సగం సీట్లు మహిళలవి. అమ్మా, అక్కా, నామినేషన్ మీ పేరున వేసి కౌన్సిల్‌లో మీ ఆయన మాట్లాడతానంటే ఒప్పుకోకండి. చెత్త ఆటో సంగతి మీకన్నా ఆయనకు బాగా తెలుసా?

ఇంటిపన్ను, నల్లా బిల్లు బకాయిలు ఈ వారంలోనే కట్టి రసీదు దాచుకోండి. స్క్రూటినీలో ముందు పట్టుకునేది దాన్నే. ఖర్చుల లెక్క మొదటి రోజు నుంచే రాయండి. గెలిచినా ఓడినా లెక్క ఇవ్వకపోతే అనర్హత వేటు పడుతుంది. ప్రతిపాదకుడు మీ వార్డు ఓటరే అయి ఉండాలి, జాబితాలో పేరు, నంబరు మీ కళ్లతో చూసుకోండి.

అటు పక్క బల్ల మీద పట్టణాల నక్షలు పెట్టించాం. మీ వార్డు ఎక్కడుందో, ఏ నాలా ఏ చెరువులోకి పోతుందో పెన్సిల్‌తో గీసి చూపించండి. గీయలేకపోతే ఈ ఆదివారం పొద్దున్నే నాలా వెంట నడిచి రండి, మళ్లీ కూర్చుందాం. దేవరకొండ వాళ్లు దూరం పోవాలి కాబట్టి ముందు మీరు రండి.