దివాలా తీసిన రెంబ్రాంట్ గీసిన షాజహాన్

[తెరపై: ఆమ్‌స్టర్‌డామ్‌లో రెంబ్రాంట్ ఇల్లు. ఇప్పుడది మ్యూజియం.]

1656 జూలై. ఈ ఇంట్లోకి అధికారులొచ్చి గదిగదీ తిరిగి ఉన్న వస్తువులన్నీ రాసుకున్నారు. చిత్రాలు, విగ్రహాల తలలు, శిరస్త్రాణాలు, సముద్రపు గవ్వలు... మొత్తం 363 పద్దులు. ఇల్లుగలాయన దివాలా తీశాడు. ఆయనకు సరిగ్గా ఆ నెలలోనే 50 ఏళ్లు నిండాయి.

లైడెన్ ఊళ్లో పిండిమర నడిపే కుటుంబంలో పుట్టిన రెంబ్రాంట్, ముప్పై దాటకుండానే ఆమ్‌స్టర్‌డామ్ ధనవంతులు వెతుక్కుంటూ వచ్చే చిత్రకారుడయ్యాడు. 1639లో 13 వేల గిల్డర్లకు ఈ ఇల్లు కొన్నాడు. ఆ అప్పు తీరనేలేదు. 1642లో తన ప్రసిద్ధ చిత్రం 'నైట్ వాచ్' పూర్తిచేశాడు, అదే ఏడాది భార్య సాస్కియా పోయింది. ఇదంతా చాలామందికి తెలిసిన కథే. నేను చెప్పాలనుకున్నది ఆ జాబితాలోని ఒక్క పద్దు గురించి.

[తెరపై: పాత డచ్చి చేతిరాత, మెల్లగా దగ్గరికి]

అందులో సూక్ష్మచిత్రాలున్న ఒక పుస్తకం ప్రస్తావన ఉంది. అవి మన మొఘల్ చిత్రాలే అయ్యుంటాయని చాలామంది పండితులు భావిస్తారు. అవి అక్కడికెలా చేరాయంటారా? డచ్చి ఈస్టిండియా కంపెనీ అప్పటికే సూరత్‌లోనూ, మన బందరులోనూ వర్తకం చేస్తోంది. బట్టలు, మిరియాలతో పాటు ఇలాంటి బొమ్మలూ ఓడలెక్కేవి.

[తెరపై: ఎడమవైపు మొఘల్ చిత్రం, కుడివైపు రెంబ్రాంట్ గీసిన షాజహాన్]

దివాలా తీసిన ఆ రోజుల్లోనే రెంబ్రాంట్ ఈ మొఘల్ చిత్రాల్ని ముందు పెట్టుకుని ఒక్కొక్కటే గీశాడు. వాటిలో ఇరవైకి పైగా ఇప్పటికీ ఉన్నాయి. యూరప్ అంతా పేరున్న మనిషి, యాభై ఏళ్ల వయసులో, తనకు పేరు కూడా తెలియని ఆగ్రా, ఢిల్లీ కళాకారుల దగ్గర విద్యార్థిలా కూర్చున్నాడు. నాకు ఆయన మీద ఇష్టం ఇక్కడే రెట్టింపైంది.

కాగితం చూడండి. కాస్త పసుపు తిరిగినట్టుంది. అది ఆసియా నుంచి తెప్పించిన ఖరీదైన కాగితం. చేతిలో డబ్బు లేని మనిషి ఈ బొమ్మల కోసం దాన్ని వాడాడు.

ఇప్పుడు పాదాల దగ్గరికి వెళ్దాం. మొఘల్ చిత్రంలో చక్రవర్తికి నీడ ఉండదు. ఉడుత వెంట్రుకల కుంచెతో ప్రతి పూసా, ప్రతి మడతా విడివిడిగా తీరుస్తారు. రెంబ్రాంట్ ఆ తలపాగా, ఆ జామా, ఆ నిలబడ్డ తీరు శ్రద్ధగా తీసుకున్నాడు. తర్వాత నీళ్లు కలిపిన సిరాతో కుంచెను ఒక్కసారి అలా లాగి, నేల మీద నీడ వేశాడు. దాంతో ఆ మనిషికి బరువు వచ్చింది.

1658లో ఈ ఇల్లు వేలంలో పోయింది. అదే 1658లో ఔరంగజేబు తన తండ్రి షాజహాన్‌ను ఆగ్రా కోటలో బంధించాడు. గీసినవాడికీ, బొమ్మలో ఉన్నవాడికీ ఒకే ఏడాది ఇల్లు చేజారింది.

[తెరపై: చెట్టు కింద తివాచీ మీద కూర్చున్న నలుగురు పెద్దలు. తర్వాత 1656 నాటి ఎచింగ్, అంటే రాగిరేకు మీద గీసి అచ్చువేసిన బొమ్మ.]

ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగింది. 1600లోనే మొఘల్ కళాకారుల్లో అబుల్ హసన్ అనే కుర్రాడు జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ అచ్చువేసిన బొమ్మ చూసి ఒక క్రైస్తవ సాధువును గీశాడు. మొఘల్ చక్రవర్తుల తలల వెనక కాంతివలయం కూడా యూరప్ నుంచి వచ్చిందే.

రెంబ్రాంట్ మొఘల్ చిత్రంలోని ఈ నలుగురు పెద్దల్నీ గీసి ఊరుకోలేదు. అబ్రహాము ఇంటికి దేవదూతలు అతిథులుగా వచ్చిన బైబిల్ ఘట్టంలోకి వీళ్ల కూర్పును తీసుకెళ్లాడు. బల్లలూ కుర్చీలూ లేవు. దేవుడి అంతటివాడు గడ్డంతో, నేల మీద పరిచిన తివాచీ మీద తీరిగ్గా కూర్చుని ఉన్నాడు, మన ఇళ్లలో పెద్దవాళ్లు కూర్చున్నట్టే.

ఆ నలుగురి రేఖాచిత్రం ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దానికి మాతృక అనదగ్గ మొఘల్ చిత్రం వియన్నాలోని షోన్‌బ్రున్ రాజభవనంలో, ఒక గది గోడకు, బంగారు చట్రంలో బిగించి ఉంది.