డాక్టరుతో చెప్పే మొదటి మాట

అందరికీ నమస్కారం.

పనిలో దెబ్బ తగిలినవాళ్లకు వైద్య ఖర్చు తిరిగి వస్తుందా రాదా అన్నది చాలాసార్లు ఆసుపత్రిలో అడుగుపెట్టిన కాసేపటికే తేలిపోతుంది. క్లెయిమ్ ఫారం నింపేది ఆ తర్వాతెప్పుడో. డాక్టరు "ఎలా జరిగింది?" అని అడుగుతారు. నొప్పితో విలవిల్లాడుతున్న మనిషి "జారిపడ్డానండీ" అంటాడు. కేస్ షీటు మీద ఆ ఒక్క ముక్కే పడుతుంది. ఎక్కడ జారాడో, ఏం చేస్తూ జారాడో అందులో ఉండదు. కొన్ని నెలల తర్వాత క్లెయిమ్ చూసే అధికారి ఆ కాగితం తిప్పి, "ఇంట్లో జారిపడలేదని ఏమిటి రుజువు?" అంటే అప్పుడు సాక్షుల కోసం పరుగులు పెట్టాలి.

అదే మనిషి, "రాత్రి షిఫ్టులో బస్తా మోస్తుంటే మెషీన్ పక్కన నేల మీదున్న నూనెకు కాలు జారింది, మోకాలు మెలిపడింది" అని చెప్పి, అలాగే రాయమని అడిగాడనుకోండి. సమయం, చోటు, పని, దెబ్బ, నాలుగూ ఒకే వాక్యంలోకి వచ్చేశాయి. మాట్లాడే స్థితిలో లేకపోతే వెంట వెళ్లినవాళ్లు చెప్పాలి. అదే రోజు యాజమాన్యానికీ రాతపూర్వకంగా తెలియజేయండి. ప్రమాదాల రిజిస్టర్ ఉంటే అందులో ఎక్కించమనండి. ఫోన్లో మెసేజ్ పెట్టినా సరే, తేదీతో సహా దాచుకోండి.

ఆసుపత్రికి తీసుకెళ్తూ దారిలోనే, "బండి మీద నుంచి పడ్డానని చెప్పు, ఖర్చంతా మేం చూసుకుంటాం" అనేవాళ్లు ఉంటారు. దయచేసి ఒప్పుకోకండి. మొదటి బిల్లు వాళ్లు కట్టొచ్చు. ఆ తర్వాత ఎముకలో వేసిన ప్లేటు తీయించడానికి ఇంకో ఆపరేషన్, నెలల తరబడి ఫిజియోథెరపీ ఉంటాయి. అప్పటికి మాట ఇచ్చిన మనిషి ఆ ఉద్యోగంలోనే ఉండకపోవచ్చు. మీ నోటితో మీరు చెప్పిన అబద్ధం మాత్రం కేస్ షీటులో ఉండిపోతుంది.

"తప్పు నాదేనండీ, ఎలా అడగను?" అని వెనక్కి తగ్గేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఒకప్పుడు కార్మికుడు కోర్టుకెక్కి యజమాని నిర్లక్ష్యాన్ని రుజువు చేయాల్సి వచ్చేది. తోటి పనివాడి పొరపాటని తేలినా చేతికి ఏమీ వచ్చేది కాదు. 1884లో జర్మనీ, 1897లో బ్రిటన్ తెచ్చిన చట్టాలతో ఆ పద్ధతి మారడం మొదలైంది. పని వల్ల దెబ్బ తగిలిందా అన్నదే అసలు ప్రశ్న అయింది. తాగి పనిచేయడం, కావాలని గాయపరచుకోవడం లాంటివాటికి మినహాయింపులు ఉంటాయి. ఒక్క క్షణం ఏమరుపాటు వేరు. దాని కోసం హక్కు వదులుకోకండి.

పని వల్ల వచ్చే జబ్బుల సంగతి ఇంకా కష్టం. 1700లోనే ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ, రోగిని అడిగే ప్రశ్నలకు "నువ్వేం పని చేస్తావు?" అన్నది కూడా చేర్చమని తోటి వైద్యులకు చెప్పాడు. ఇప్పటికీ చాలామంది డాక్టర్లు ఆ ప్రశ్న అడగరు. అడగకపోతే మీరే చెప్పండి. రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌ను మామూలు దగ్గనుకుని ఏళ్లు గడిపేస్తారు. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే క్యాన్సర్ 20, 30 ఏళ్ల తర్వాత కూడా బయటపడుతుంది. అప్పటికి ఆ ఫ్యాక్టరీ ఉంటుందో లేదో! అందుకే ఎక్కడెక్కడ, ఏయే ఏళ్లలో, ఏ దుమ్ములో, ఏ రసాయనంతో పనిచేశారో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. పాత జీతం చీటీలు, గుర్తింపు కార్డులు పారేయకండి. క్లెయిమ్ గడువును జబ్బు బయటపడిన రోజు నుంచి లెక్కించే చట్టాలు చాలాచోట్ల ఉన్నాయి, ఆలస్యమైందని ముందే ఆశ వదులుకోవద్దు.

ఇక బిల్లులు. మందుల చీటీ, బిల్లు, డబ్బు కట్టిన రసీదు, ఈ మూడూ ఒకదానికొకటి సరిపోవాలి. చీటీలో లేని మందుకు బిల్లు పెడితే కోత పడుతుంది. మెషీన్ నుంచి వచ్చే నున్నటి కాగితం బిల్లులు కొన్ని నెలలకే వెలిసిపోయి తెల్లకాగితాలైపోతాయి. తీసుకున్న రోజే ఫోటో తీసుకోండి. అసలు కాగితాలు ఇచ్చేటప్పుడు నకళ్లు ఉంచుకుని, అందినట్టు సంతకం తీసుకోండి.

ఏమేం అడగవచ్చో కూడా తెలిసుండాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1964 నాటి 121వ ఒప్పందంలో ఆసుపత్రి ఖర్చు, మందులతో పాటు పళ్ల వైద్యం, ఇంటి దగ్గర నర్సింగ్, కళ్లజోడు, కృత్రిమ అవయవాలు, వాటి మరమ్మతు కూడా ఉన్నాయి. మీ చట్టంలో ఇందులో ఏవి ఉన్నాయో అడిగి తెలుసుకోండి.

డబ్బు రాదని ఉత్తరం వస్తే కారణం రాతలో ఉందా, అప్పీలు గడువు ఎప్పుడు అన్న రెండూ ముందు చూడండి. చాలా తిరస్కరణలు ఒక సర్టిఫికెట్ తక్కువై వచ్చినవే. రాజీకి పిలిస్తే మాత్రం తొందరపడకండి. "ఇకపై ఎలాంటి క్లెయిమ్ ఉండదు" అన్న వాక్యం ఆ కాగితంలో ఎక్కడో ఒక మూల ఉంటుంది. ముందు ముందు ఇంకా ఏ చికిత్స అవసరమో డాక్టరుతో రాయించుకుని, అది తెలిసినవాళ్లకు చూపించాకే సంతకం పెట్టండి.

కాగితాలు వెంట తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, ఒక్కొక్కటీ కలిసి చూద్దాం.