రెండు గంటలు, ఒక్క షీటు: ఆరుబయట బొమ్మల పోటీలో జడ్జి ఏం చూస్తారు?

[దృశ్యం: నెల్లూరు జిల్లా మైపాడు బీచ్, పొద్దున్నే. ఇసుకలో ఫైబర్ పడవ, పక్కన వలల కుప్ప.]

నమస్తే అండి. ఈ పడవ నీడ చూడండి. మార్చి నెల, ఉదయం 7 గంటలు. సూర్యుడు సముద్రం మీద ఉన్నాడు, నీడ పడవ ఎత్తుకి నాలుగు రెట్లకు పైనే సాగి మన కాళ్ళ దాకా వచ్చింది. 9 అయ్యేసరికి ఇదే నీడ దాదాపు పడవ ఎత్తంతకు ముడుచుకుపోతుంది. టైమ్ పెట్టి ఆరుబయట బొమ్మ వేయించే పోటీలో అసలు పరీక్ష ఇదే.

[దృశ్యం: ఖాళీ షీటు వెనక ముద్ర వేస్తున్న చెయ్యి.]

ఇంటి దగ్గర వేసుకొచ్చింది చెల్లకుండా, ఇలాంటి పోటీల్లో మొదలుపెట్టే ముందే షీటు వెనక ముద్ర వేస్తారు. పేరుకు బదులు నంబరు ఉంటే జడ్జికి ఎవరి బొమ్మో తెలియదు.

నేను మొదటిసారి ఇలా బొమ్మ వేయడానికి కూర్చున్నప్పుడు నీడ వెంట పరిగెత్తాను. ఏడుంబావుకి పొడుగు నీడ వేశాను, ఎనిమిదిన్నరకి దాన్ని పొట్టి చేయబోయాను. ఒకే కాగితం మీద ఇద్దరు సూర్యుళ్ళు! ఇంటికొచ్చి గోడకి ఆనించి చూస్తేగానీ తప్పెక్కడో తెలియలేదు.

ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోడ్ మోనే 1892, 1893లలో ఫ్రాన్స్‌లోని రూఆన్ చర్చిని గీసేటప్పుడు ఒకేసారి చాలా కాన్వాసులు పెట్టుకునేవాడు. వెలుగు మారగానే కాన్వాసు మార్చేవాడు. అలా 30కి పైగా బొమ్మలయ్యాయి. మనకి ఉండేది ఒక్క షీటు. అందుకే మొదటి పది నిమిషాల్లో నీడ అంచులు పెన్సిల్‌తో గీసి, పలచటి నీలి బూడిద రంగు వాష్ (నీళ్ళు బాగా కలిపిన రంగు పూత) వేసెయ్యండి. ఇక ఆ తర్వాత ఎదురుగా ఉన్న నీడ మాట వినొద్దు, కాగితం మీదున్న నీడనే నమ్మండి.

[దగ్గరగా: తడి కాగితం మీద బ్రష్.]

వాటర్ కలర్‌లో అల నురుగు తెలుపు అంటే వదిలేసిన కాగితమే. కాబట్టి అది ఎక్కడ వదలాలో మొదటి వాష్‌కి ముందే తేల్చుకోవాలి. బీచ్ గాలికి రంగు చకచకా ఆరి అంచులు కడుతుంది. ఆకాశాన్ని కాగితం తడిపి ఒక్క ఊపులో ముగించండి.

[దృశ్యం: వరుసగా పేర్చిన షీట్లు.]

ఇక జడ్జింగ్. ముందు పది అడుగుల దూరంలో నిలబడి చూస్తారు. అక్కడికి వల ముడులు కనబడవు, వెలుగు నీడలే కనబడతాయి. దగ్గరికొచ్చాక నేనైతే మొదట చూసేది పడవ అడుగు. ఇసుకని తాకే చోట సన్నటి ముదురు గీత ఉంటే పడవ ఇసుకలో కూర్చుంటుంది, లేకపోతే గాల్లో తేలుతుంది. కరెంటు స్తంభం తీసేసినా, నాలుగు పడవల్ని రెండు చేసినా తప్పు లేదు. కొన్నిచోట్ల ‘ఫినిషింగ్’కి విడిగా మార్కులుంటాయి. నా మట్టుకు నాకు, వెలుగు సరిగ్గా పట్టిన సగం బొమ్మ, వెలుగే లేని నిండు బొమ్మకన్నా ముందుండాలి.

అమ్మానాన్నలకి ఒక మాట. వెనక నిలబడి “ఇంకాస్త రంగు పుయ్యి నాన్నా” అనకండి, దయచేసి. పిల్లలు సరిగ్గా అక్కడే టెన్షన్ పడి, వదిలిన నురుగు మీద కూడా నీలం పూసేస్తారు.

[దృశ్యం: పడవకి ఆనించిన షీటు.]

చివరి పది నిమిషాలు మిగలగానే లేవండి. షీటుని ఇలా ఆనించి, పది అడుగులు వెనక్కి వెళ్ళి, కళ్ళు సగం మూసి చూడండి. పడవకన్నా ముందు ఇంకేదైనా కంటికి తగిలితే, దాని మీద ఒక పలచటి వాష్ వేసి బ్రష్ కడిగేయండి.