పడమటి ఎండ, పాత స్లాబు

ఆర్కిటెక్టులందరికీ నమస్కారం. ముందు వరుసలో ఇద్దరు శాలువాలు కప్పుకుని కూర్చున్నారు. సన్మానం శాలువాలైతే కావు, ఈ హాల్లో ఏసీ అలా ఉంది.

మండు వేసవిలో స్వెటర్ వేసుకుని పనిచేసే ఆఫీసులు హైదరాబాద్‌లో మనకు కొత్తేం కాదు. సోమాజిగూడలో ఒక అద్దాల బిల్డింగ్ అనుకోండి. అద్దంలోంచి ఎండ కొడుతుంది. కంప్యూటర్ తెర కనబడటం లేదని బ్లైండ్స్ దించేస్తారు. చీకటైందని పట్టపగలు లైట్లు వేస్తారు. ఆ లైట్ల వేడినీ, ఎండ వేడినీ మళ్లీ ఏసీయే బయటికి తోడాలి. అంత డబ్బు పోసి అద్దం పెట్టించింది ఎందుకు మరి?

హైదరాబాద్ శివార్లలోని పోచారంలో ఇన్ఫోసిస్ వాళ్లు ఒక పని చేశారు. అది సిటీ నడిబొడ్డు కాదు, నిజమే, కానీ పాఠం మనకు పనికొస్తుంది. 2011లో వాడకంలోకి వచ్చిన ఒకే భవనాన్ని రెండు సమాన భాగాలు చేశారు. ఒక సగానికి మంచి సెంట్రల్ ఏసీ. రెండో సగంలో స్లాబులోనే పైపులు పరిచి చల్లటి నీళ్లు తిప్పారు. రెండేళ్ల మీటర్ లెక్కల్లో, చల్లబరచడానికి నీళ్ల సగం 34 శాతం తక్కువ కరెంటు తీసుకుంది. కట్టడానికైన ఖర్చు ఇంచుమించు ఒకటే.

కిటుకేమీ లేదు. బిందెడు గాలి మోసే వేడికి మూడు వేల రెట్లకు పైగా బిందెడు నీళ్లు మోస్తాయి. పైగా నీళ్లు చల్లబరిచే మామూలు యంత్రం, చిల్లర్‌లా 7 డిగ్రీల దాకా చల్లార్చక్కర్లేదు, 15 దగ్గరున్నా చాలు. చిక్కల్లా వానాకాలంలోనే. చన్నీళ్ల చెంబుకు పట్టినట్టు స్లాబుకు చెమట పడుతుంది. అందుకే లోపలికొచ్చే గాలిలో తేమ విడిగా తీసేయాలి. విశాఖలో అయితే ఇంకా జాగ్రత్త.

ఇంకో మాట. స్లాబు లాగగలిగే వేడికి ఒక హద్దుంది. ఎండను లోపలికి వదిలామా, ఓడిపోతుంది. దక్షిణపు ఎండ నడినెత్తికి దగ్గరగా ఉంటుంది కాబట్టి సన్‌షేడు ఆపేస్తుంది. పడమటి ఎండ ఏటవాలుగా వస్తుంది, దానికి సన్‌షేడు చాలదు. సిటీలో రోడ్డు పడమరకుంటే బిల్డింగ్ ముఖమూ అటే పెట్టాలంటారు ఓనర్లు. అలాంటప్పుడు మెట్లు, లిఫ్టులు, బాత్రూములు అటు వేసేయండి. లేదంటే నిలువు పలకలో, జాలీయో పెట్టండి.

ఇక పాత బిల్డింగుల కూల్చివేత. సిమెంటు బట్టీని ఏ ఇంధనంతో నడిపినా, సున్నపురాయి కాలితే రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. సిమెంటు తయారీలో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా ఇంధనానిది కాదు, ఆ రాయిదే. నలభై ఏళ్ల కిందటి స్లాబులో ఆ పాపం ఎప్పుడో చేసేశాం. దాన్ని పగలగొట్టి మళ్లీ చేయడమెందుకు?

"పాతవాటికి సీలింగ్ ఎత్తు చాలదు సార్, డక్టులు పట్టవు" అంటారు. గాలి డక్టు అడుగున్నర మింగుతుంది, నిజమే. నీళ్ల పైపుల ప్యానెల్‌ని స్లాబు కిందే బిగించేయొచ్చు. లోపలికి కావలసిన తాజా గాలికి చిన్న డక్టు చాలు. అంటే పోచారం పద్ధతి ఎక్కువగా అక్కరకొచ్చేది ఆబిడ్స్, కోఠీల్లోని పాత బిల్డింగులకే. కూల్చేద్దామని ఓనరు అన్న రోజున ముందు స్లాబు నుంచి కోర్, అంటే తొలిచి తీసే కాంక్రీటు ముక్క, తీయించి బలం చూడండి. కొత్త డ్రాయింగుల సంగతి ఆ తర్వాత.

ప్రశ్నలుంటే అడగండి. అంతకంటే ముందు ఎవరైనా ఆ ఏసీ కాస్త తగ్గించండి.