స్టేషన్ రైటర్ బల్ల ముందు నిలబడిన మనిషి

సభకు నమస్కారం. వేదికను అలంకరించిన జిల్లా పోలీసు అధికారులకు, ఆతిథ్యమిచ్చిన ఈ కళాశాల ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు, పట్టణ పెద్దలకు, పొద్దుటి నుంచి బందోబస్తులో నిలబడి ఇంకా కూర్చోని కానిస్టేబుళ్లకు, హోంగార్డులకు నా వందనాలు. 1959 అక్టోబరు 21న లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పది మంది మన పోలీసు జవాన్లు నేలకొరిగారు. వారిని తలుచుకుంటూ ఏటా జరిపే ఈ సంస్మరణ సభలో విశ్రాంత హెడ్ కానిస్టేబుల్‌నైన నన్ను పిలిచి, పోలీసులకూ ప్రజలకూ మధ్య నమ్మకం ఎలా పెరుగుతుందో చెప్పమన్నారు.

నా ఉద్యోగంలో ఎక్కువ కాలం స్టేషన్ రైటరుగానే, అంటే ఫిర్యాదులూ రికార్డులూ రాసే మనిషిగానే గడిచింది. కనుక నాకు తెలిసిన చోటు గురించే చెబుతాను. వారోత్సవాల్లో పరుగు పందేలు, రక్తదాన శిబిరాలు, ఓపెన్ హౌస్‌లు నిర్వహిస్తున్నారు, పిల్లలకు తుపాకులు చూపిస్తున్నారు. అవన్నీ మంచివే. కానీ ఒక మనిషికి పోలీసుల మీద నమ్మకం కలగడమో పోవడమో జరిగేది అక్కడ కాదు. కష్టం వచ్చి, భయపడుతూ గేటు దాటి, సెంట్రీకి సమాధానం చెప్పుకుని, రైటర్ బల్ల ముందు నిలబడిన మొదటి అరగంటలో జరుగుతుంది. అలా వచ్చిన మనిషిని కూర్చోమన్నారా లేదా, చెప్పింది రాసుకున్నారా లేదా, కాగితం చేతికిచ్చి పంపారా, "ఎస్సై గారు లేరు, రేపు రా" అని పంపారా అన్నదే ఆ ఇంటిల్లిపాదీ జీవితాంతం గుర్తుపెట్టుకుంటారు.

ఇందులో చట్టానికి ఏ సందేహమూ లేదు. కాగ్నిజబుల్ నేరం, అంటే మేజిస్ట్రేటు ఆదేశం లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగల నేరం జరిగిందని ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2013 నవంబరు 12న స్పష్టంగా చెప్పింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, నోటితో చెబితే రాసి చదివి వినిపించాలి, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో నిరాకరిస్తే ఎస్పీకి రాసుకోవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలియజేయాలని 193వ సెక్షన్ చెబుతోంది. విద్యార్థులారా, మిగతావి మరిచిపోయినా ఈ నాలుగు మాటలూ ఇంటికి వెళ్లి మీ అమ్మానాన్నలకు చెప్పండి.

మరి ఇంత స్పష్టంగా ఉన్నా ఎందుకు రాయరు? సిబ్బంది తక్కువ, పని ఎక్కువ అనేది నిజమే. ఒక్కో ఎఫ్‌ఐఆర్ వెనుక కేసు డైరీలు, సాక్షులు, కోర్టు వాయిదాలు ఉంటాయి. కానీ అసలు కారణం వేరే ఉంది. దాన్ని చెప్పడానికి నేను చూసిన ఒక కేసు గురించి చెప్పాలి.

పల్నాడు ప్రాంతంలోని ఒక స్టేషన్‌కు, తొంభైల్లో, కొత్తగా ఒక యువ ఎస్సై వచ్చారు. ఒకరోజు తెల్లవారుజామున పాలు అమ్ముకునే ఒక ముసలమ్మ గేదె పోయిందని ఏడుస్తూ వచ్చింది. నేను అలవాటు ప్రకారం కేసు కట్టకుండా జనరల్ డైరీలో, అంటే స్టేషన్ రోజువారీ పుస్తకంలో, ఒక ముక్క రాయబోతుంటే, ఆయన కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుని, "కేసు కట్టండి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాయండి" అన్నారు. కుడి కొమ్ము కొస విరిగి ఉంటుందని, నుదుట రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ ఉంటుందని, ఎడమ చెవికి చిల్లు ఉంటుందని, రెండో ఈత అని, పూటకు మూడు లీటర్లు ఇస్తుందని, మెడలో పలుపుకు ఎర్ర గుడ్డ కట్టి ఉంటుందని ఆమె చెప్పుకుంటూ పోతే, అంతా రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకుని, నకలు ఆమె కొంగులో పెట్టాం. చుట్టుపక్కల పశువుల సంతలన్నిటికీ ఒక్కో కానిస్టేబుల్‌ను ఆ గుర్తులతో పంపారు.

గేదె దొరకలేదు. రెండు నెలల తరువాత ఒక సాయంత్రం ఎస్సై గారు నన్ను వెంటబెట్టుకుని ఆమె ఉండే కాలనీకి నడిచి వెళ్లారు. ఆమె నులక మంచం వాల్చింది. "ఎంత తిరిగినా దొరకలేదు పెద్దమ్మా, ఇంకా వెతుకుతున్నాం" అని ఆయన చెబితే, "దొరక్కపోతే ఏం నాయనా, ఆ మాట చెప్పడానికి ఇల్లు వెతుక్కుంటూ వచ్చావు, ఇంతవరకు మా గుడిసెల్లోకి పోలీసోళ్లు ఎవర్నో పట్టుకుపోవడానికి తప్ప వచ్చింది లేదు" అంది. వాకిట్లోకి వచ్చిన పదిమందీ ఆ మాట విన్నారు.

ఆ చలికాలంలో ఆ చుట్టుపక్కల పొలాల్లో మోటారు వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్లలో రాగి చుట్టలు వరసగా పోయాయి. రైతులు అల్లాడిపోయారు. ఒక అర్ధరాత్రి ఆ ముసలమ్మ మనవడు సైకిల్ తొక్కుకుంటూ స్టేషన్‌కు వచ్చి, ఊరి చివర ఇటుక బట్టీ వెనక కొత్త మనుషులు వైర్లు కాలుస్తున్నారని చెప్పాడు. ఆ రాత్రే ముఠా దొరికింది. మేము మాటు వేసి పట్టుకున్నది కాదు, వాళ్లు వచ్చి చెబితే దొరికింది.

ఇప్పుడు నా బాధ చెబుతాను. ఆ తరువాతి నెలవారీ నేర సమీక్షలో ఒక పెద్ద అధికారి నిరుడు ఇదే కాలానికి ఎన్ని దొంగతనాల కేసులు ఉన్నాయో, ఈ ఏడు ఎన్ని ఉన్నాయో చూసి, "నీ స్టేషన్‌లో నేరాలు ఇంతగా పెరిగాయేమిటి?" అని అందరి ముందూ ఆ ఎస్సైని నిలదీశారు. ఆయన వచ్చాక దొంగతనాలు పెరగలేదు, రాయడం పెరిగింది. ఆ తేడా వినిపించుకునే ఓపిక అక్కడ ఎవరికీ లేదు. మెమో ఇచ్చారు. ఇంకోవైపు, తాగి గొడవ చేసిన తన మనిషిని విడిచిపెట్టమని ఒక నాయకుడు చేసిన ఫోనుకు ఆయన లొంగలేదు. ఏడాది తిరగకుండానే ఏ పోస్టూ ఇవ్వకుండా వీఆర్‌కు (వేకెన్సీ రిజర్వుకు) పంపారు. తరువాత వచ్చిన వారికి ఏం చేయాలో ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. సగం ఫిర్యాదులు మళ్లీ ఎఫ్‌ఐఆర్ కాకుండా విడి కాగితాల మీదే ఉండిపోయాయి, సమీక్షలో ఆ స్టేషన్‌కు మెప్పు వచ్చింది.

స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని, పోలీసుల మీద ఫిర్యాదులు విచారించడానికి జిల్లా, రాష్ట్ర స్థాయిల్లో ప్రత్యేక అథారిటీలు ఉండాలని 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తీర్పు చదివిన రోజున నాకు ఆ ఎస్సై గారే గుర్తుకు వచ్చారు. పట్టణ పెద్దలారా, మంచి అధికారి బదిలీ అయినప్పుడు సన్మానం చేసి శాలువా కప్పి పంపుతున్నారు. ఎందుకు బదిలీ చేశారని ఒక్కరైనా అడిగారా? "మా వాణ్ణి వదిలేయండి" అని ఫోను చేసే చేతులు మనవి కావా?

బల్ల దగ్గర మాట వినకపోతే ఏమవుతుందో 2019 నవంబరు 27 రాత్రి మనం చూశాం. శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలు కనిపించకుండా పోతే, ఇది మా పరిధి కాదంటూ తమను తిప్పారని ఆమె కుటుంబం చెప్పింది. జాప్యం చేశారని ఒక ఎస్సైనీ ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లనూ సస్పెండ్ చేశారు. ఆమెపై అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు డిసెంబరు 6న పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ముందు వారం రాళ్లు రువ్విన జనమే ఆ రోజు పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. నిందితులను చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసులను విచారించాలని అందులో ఉంది. నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. ఆ పూలు నమ్మకం నుంచి రాలేదు. న్యాయం ఇక ఏ దారిలోనూ రాదన్న నిరాశ నుంచి వచ్చాయి. మొదటి రాత్రి ఆ తల్లిదండ్రుల మాట రాసుకుని వెంటనే బయలుదేరడమే పోలీసుల పని.

మహిళల భద్రత కోసం హైదరాబాద్‌లో 2014లో మొదలైన పోలీసు బృందాలు షీ టీమ్స్‌కు ఆడపిల్లలు ధైర్యంగా చెప్పుకుంటున్నారంటే, వాట్సాప్‌లో కూడా ఫిర్యాదు తీసుకోవడం, స్టేషన్ గడప తొక్కనక్కర లేకపోవడమే కారణం. కేరళలో 2008 నుంచి జనమైత్రి పథకం కింద బీటు పోలీసులు, అంటే ఒక్కో ప్రాంతం అప్పగించిన పోలీసులు, ఇంటింటికీ వెళ్లి పరిచయం చేసుకుంటున్నారు. మన దగ్గరా బీటు పుస్తకాలు ఉన్నాయి. సంతకాలు పెట్టించుకోవడానికి కాకుండా, మనుషులను పలకరించడానికి తిరిగితే చాలు.

కొత్త చట్టంలో నన్ను కలతపెడుతున్నది ఒకటుంది. 5,000 రూపాయల లోపు విలువ గల వస్తువును మొదటిసారి దొంగిలించిన కేసును నాన్ కాగ్నిజబుల్ చేశారు. అంటే మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా దర్యాప్తు ఉండదు. కూలి చేసుకునే ఆమెకు రెండు మేకపిల్లలైనా, పాత ఫోనైనా పెద్ద ఆస్తే. అలాంటి వారిని "ఇది మా పని కాదు" అని పంపేయకుండా, ఫిర్యాదు రాసుకుని, మేజిస్ట్రేటు దగ్గరికి ఎలా వెళ్లాలో చెప్పే మనిషి ఆ బల్ల దగ్గర ఉండాలి.

వేదిక మీద ఉన్న అధికారులకు నా విన్నపం రెండే. వచ్చే నెల సమీక్షలో ఎన్ని కేసులు పెరిగాయన్న ప్రశ్నకు ముందు, వచ్చిన ఫిర్యాదుల్లో ఎన్నింటికి ఎఫ్‌ఐఆర్ అయింది, ఎంతమందికి దర్యాప్తు సంగతి తెలియజేశారు అని అడగండి. ఆ రెండు అంకెలనూ ప్రతి స్టేషన్ గేటు పక్కన బోర్డు మీద, బయటి నుంచి చదవగలిగేటట్టు, నెలనెలా తెలుగులో రాయించండి. ఈ పట్టణంలోని స్టేషన్ల వరకు ఆ బోర్డులకు అయ్యే ఖర్చు మాలాంటి విశ్రాంత సిబ్బందిమి పెట్టుకుంటాం. ఎప్పటి నుంచి రాయిస్తారో ఈ సభలోనే చెబితే, మేము రేపే పెయింటర్‌ను మాట్లాడుకుంటాం.